పేటన్ రౌస్

ఫ్రాన్సిస్ పేటన్ రౌస్ (1879 అక్టోబరు 5 – 1970 ఫిబ్రవరి 16) అమెరికాకు చెందిన వైద్య శాస్త్రవేత్త, వ్యాధివిజ్ఞాన నిపుణుడు. గట్టి గడ్డగా ఏర్పడే కాన్సర్‌ను వైరస్ కలిగించగలదని 1911లో కోళ్ళపై చేసిన ప్రయోగాలతో తొలిసారిగా నిరూపించాడు. తర్వాతి కాలంలో ఆ వైరస్‌కు రౌస్ సార్కోమా వైరస్ అనే పేరు స్థిరపడింది. ఈ ఆవిష్కరణకు గాను 55 సంవత్సరాల తర్వాత, 1966లో, ఛార్లెస్ హగ్గిన్స్‌తో కలిసి వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకొన్నాడు. అప్పటికి ఆయన వయస్సు 87 సంవత్సరాలు. వైద్యశాస్త్ర విభాగంలో ఇంత పెద్ద వయస్సులో ఈ బహుమతి పొందినవారు మరొకరు లేరు.

కాన్సర్ కణాలు అదుపు లేకుండా ఎందుకు పెరుగుతాయి అన్న ప్రశ్నకు నేడు లభిస్తున్న సమాధానంలో పెద్ద భాగం ఈ కోడి వైరస్‌ను అధ్యయనం చేయటం వలననే తెలిసింది. శరీరంలోని కణాలు ఒకదానికొకటి పంపుకొనే వృద్ధి సంకేతాలు దారి తప్పటమే కాన్సర్‌కు ఒక ముఖ్య కారణమని ఆ అధ్యయనం వెల్లడించింది. అయితే ఈ విషయం తేలేనాటికి రౌస్ జీవించి లేడు. పైగా, కాన్సర్‌కు మూలం జన్యువులలో వచ్చే మార్పులే అన్న వాదాన్ని ఆయన చివరి వరకు అంగీకరించలేదు.

బాల్యం, విద్యాభ్యాసం

రౌస్ 1879 అక్టోబరు 5న మేరీలాండ్ రాష్ట్రంలోని బాల్టిమోర్ నగరంలో జన్మించాడు. తండ్రి ఛార్లెస్ రౌస్, తల్లి ఫ్రాన్సెస్ ఆండర్సన్ వుడ్. ముగ్గురు సంతానంలో ఈయన పెద్దవాడు. రౌస్ 11వ ఏట తండ్రి మరణించాడు. తల్లి పుట్టినిల్లు టెక్సాస్. అక్కడికి తిరిగి వెళితే బంధువుల అండ ఉండేది. అయినా పిల్లలకు మంచి చదువు చెప్పించాలన్న పట్టుదలతో ఆమె బాల్టిమోర్‌లోనే ఉండిపోయింది.

చిన్నతనం నుండి రౌస్‌కు ప్రకృతి పరిశీలనపై ఆసక్తి మెండు. యువకుడిగా ఉండగానే బాల్టిమోర్ సన్ పత్రికలో ఆయా నెలలలో పూసే అడవి పూల గురించి వ్యాసాలు వ్రాశాడు. జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం నుండి 1900లో బి.ఎ., 1905లో వైద్య పట్టా పొందాడు.

వైద్య విద్యార్థిగా ఉన్న రోజులలో ఒక క్షయరోగి శవపరీక్ష చేస్తుండగా ఎముక గీసుకొని ఆయన వేలికి గాయమైంది. దానివలన క్షయ సోకి చంకలోని గ్రంథులకు పాకింది. శస్త్రచికిత్స ద్వారా వాటిని తొలగించవలసి వచ్చింది. ఆరోగ్యం కుదుటపడేందుకు చదువు ఆపి, టెక్సాస్‌లోని ఒక పశువుల క్షేత్రంలో ఏడాది పాటు పశువుల కాపరిగా పనిచేశాడు. గుర్రాలపై తిరుగుతూ, ఆరుబయట నిద్రిస్తూ గడిపిన ఆ కాలాన్ని ఆయన జీవితాంతం ఇష్టంగా తలచుకొనేవాడు.

చదువు పూర్తయిన తర్వాత రోగులకు చికిత్స చేయటం కంటే పరిశోధనే తన స్వభావానికి తగినదని భావించాడు. 1906లో మిచిగన్ విశ్వవిద్యాలయంలో వ్యాధివిజ్ఞాన శాస్త్ర బోధకుడిగా చేరాడు. 1907లో జర్మనీలోని డ్రెస్డెన్ వెళ్ళి కొంతకాలం ఈ శాస్త్రంలో శిక్షణ పొందాడు.

రాక్‌ఫెల్లర్ సంస్థలో ప్రవేశం

న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ వైద్య పరిశోధన సంస్థకు అప్పట్లో సైమన్ ఫ్లెక్స్‌నర్ సంచాలకుడు. ఆయన తన దృష్టిని పోలియో వ్యాధి వైపు మళ్ళించదలచి, అంతవరకు తాను చూస్తున్న కాన్సర్ ప్రయోగశాలను 1909లో రౌస్‌కు అప్పగించాడు. రౌస్‌కు అప్పుడు 30 ఏళ్ళు నిండలేదు. కాన్సర్ పరిశోధన ఆనాటి యువ శాస్త్రవేత్తలను ఆకర్షించే రంగం కాదు. వ్యాధికి కారణం తెలియదు, పరిశోధనకు సరైన మార్గం కూడా తెలియదు. ఎలుకలలో, చుంచులలో కంతి ముక్కలను ఒక జంతువు నుండి మరొక జంతువుకు అంటుకట్టి చూడటమే అప్పటి ముఖ్య పద్ధతి.

రౌస్ ఈ సంస్థను మళ్ళీ విడిచిపెట్టలేదు. 1920లో పూర్తిస్థాయి సభ్యుడయ్యాడు. 1945లో పదవీ విరమణ చేసినా, ఆ తర్వాత కూడా ప్రయోగశాలకు వస్తూనే ఉన్నాడు.

కోడి కంతిపై ప్రయోగాలు

1909లో ఒక పెంపకందారు రొమ్ముపై పెద్ద గడ్డ ఉన్న కోడిపెట్టను రౌస్ వద్దకు తీసుకువచ్చింది. అది నలుపు తెలుపు చారలు కల ప్లిమత్ రాక్ జాతి పెట్ట. రౌస్ ఆ గడ్డను పరీక్షించి, అది సార్కోమా అని గుర్తించాడు. కండరాలు, ఎముకలు, అవయవాలను పట్టి ఉంచే సంధాయక కణజాలం మొదలైన వాటిలో పుట్టే కాన్సర్‌ను సార్కోమా అంటారు.

మొదట ఆ గడ్డ ముక్కలను అదే మందకు చెందిన, దగ్గరి రక్తసంబంధం ఉన్న కోళ్ళలో నాటాడు. వాటిలో కొన్నింటికి గడ్డ పెరిగింది. ఇతర మందల కోళ్ళలో తొలుత పెరగలేదు. ఈ ఫలితాలను 1910లో ప్రచురించాడు. ఒక కోడి నుండి మరొక కోడికి మార్చుతూ పోయిన కొద్దీ గడ్డ మరింత వేగంగా, తీవ్రంగా పెరగసాగింది.

అంతవరకు జరిగింది ఇతరులు ఎలుకలలో చేసిన పని వంటిదే. రౌస్ తర్వాత వేసిన అడుగు వేరు. గడ్డను ఇసుకతో కలిపి మెత్తగా నూరి, లవణ ద్రావణంలో కలిపి, వేగంగా తిప్పే యంత్రంలో ఉంచి కణాలను అడుగుకు దించాడు. పైన తేరిన ద్రవాన్ని బాక్టీరియాను కూడా ఆపివేయగల సన్నని వడపోత గొట్టాల గుండా పంపాడు. ఆ గొట్టాల గుండా కణం ఒక్కటి కూడా దాటే వీలు లేదు. ఆ తేట ద్రవాన్ని ఆరోగ్యంగా ఉన్న కోళ్ళకు సూదిమందుగా ఇచ్చినపుడు వాటికి కూడా అదే సార్కోమా వచ్చింది. అంటే గడ్డను కలిగిస్తున్నది గడ్డలోని కణాలు కావు, వాటి నుండి వేరుచేయదగిన మరేదో అతిసూక్ష్మ కారకం. 1911లో ఈ ఫలితాన్ని ప్రకటించినపుడు రౌస్ చాలా జాగ్రత్త వహించి, దానిని వైరస్ అని పిలువకుండా కారకం అని మాత్రమే పేర్కొన్నాడు.

ఇంతకు మునుపే, 1908లో, డెన్మార్క్‌కు చెందిన ఎల్లర్‌మన్, బ్యాంగ్ అనే శాస్త్రవేత్తలు కోళ్ళలో వచ్చే రక్తకాన్సర్‌ను కణరహిత ద్రవం ద్వారా వ్యాపింపజేశారు. కాని రక్తకాన్సర్‌ను అప్పటికింకా కాన్సర్‌గా పరిగణించేవారు కాదు. అందువలన వారి పనికి తగిన గుర్తింపు రాలేదు.

సందేహాలు, విరామం

రౌస్ ఫలితాన్ని సమకాలికులలో చాలామంది నమ్మలేదు. వడపోతలో కణాలు జారి ఉంటాయని కొందరు, అది నిజమైన కాన్సర్ కాదని మరికొందరు వాదించారు. ప్రయోగం నిజమే అనుకొన్నా, కోళ్ళలో జరిగేది మానవులకు వర్తించదని ఇంకొందరు కొట్టివేశారు. కాన్సర్ రోగి ఇంట్లోనివారికి, వైద్యులకు ఆ వ్యాధి అంటుకోవటం ఎవరూ చూడలేదు కాబట్టి, అది అంటువ్యాధి కారకం వంటి దానివలన వస్తుందనటం అనుభవానికి విరుద్ధంగా తోచింది.

రౌస్, ఆయన సహచరుడు జేమ్స్ మర్ఫీ మొదలైనవారు కోళ్ళలో మరికొన్ని రకాల కంతులను కూడా ఇదే పద్ధతిలో వ్యాపింపజేశారు. కాని ఎలుకల కంతులలో అటువంటి కారకాన్ని పట్టుకోవటానికి చేసిన ప్రయత్నాలన్నీ విఫలమయ్యాయి. క్షీరదాలలో నిరూపణ లేనిదే తన వాదన నిలువదని గ్రహించిన రౌస్, 1915 నాటికి కాన్సర్ పరిశోధనను విడిచిపెట్టాడు. దాదాపు రెండు దశాబ్దాల పాటు ఆయన మళ్ళీ దాని జోలికి పోలేదు.

ఇతర పరిశోధనలు

ఈ విరామ కాలంలో రౌస్ చేసిన పనులు కూడా వైద్యశాస్త్రానికి ఎంతో మేలు చేశాయి.

మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో జె. ఆర్. టర్నర్‌తో కలిసి రక్తాన్ని నిల్వచేసే పద్ధతిని కనుగొన్నాడు. అంతకు ముందు రక్తదాతను రోగి పక్కనే పడుకోబెట్టి అప్పటికప్పుడు రక్తం ఎక్కించవలసి వచ్చేది. రక్తం గడ్డకట్టకుండా సిట్రేట్‌ను, ఎర్రకణాలకు ఆహారంగా చక్కెరను కలిపి చల్లగా ఉంచితే వారాల తరబడి నిల్వ ఉంటుందని 1916లో వారు చూపించారు. 1917లో ఆస్వాల్డ్ రాబర్ట్‌సన్ అనే సైనిక వైద్యుడు ఈ ద్రావణం సాయంతో ఫ్రాన్స్ యుద్ధభూమిలో రక్తాన్ని ముందుగా సేకరించి, మంచుపెట్టెలలో దాచి, గాయపడిన సైనికులకు ఎక్కించాడు. నేటి రక్తనిధులకు ఇది నాంది.

1916లోనే రౌస్ మరొక పద్ధతిని ప్రకటించాడు. ట్రిప్సిన్ అనే ఎంజైముతో కణజాలాన్ని విడదీసి, ప్రాణంతో ఉన్న కణాలను ఒక్కొక్కటిగా వేరుచేయటం ఈ పద్ధతి సారాంశం. నేటికీ ప్రపంచవ్యాప్తంగా ప్రయోగశాలలలో కణాలను పెంచేవారు ట్రిప్సిన్‌ను వాడుతున్నారు. రౌస్ సార్కోమా వైరస్ రహస్యం కూడా చివరకు ఇలా గాజు పాత్రలలో పెంచిన కణాలలోనే బయటపడటం గమనించదగిన విషయం.

ఆ తర్వాత ఫిలిప్ మెక్‌మాస్టర్‌తో కలిసి కాలేయం, పిత్తాశయం పనితీరును అధ్యయనం చేసి, పిత్తాశయం పైత్యరసాన్ని చిక్కబరుస్తుందని నిరూపించాడు. కాలేయంలోని కుప్ఫర్ కణాలు ఇనుప రేణువులను మింగిన తర్వాత వాటిని అయస్కాంతంతో లాగి వేరుచేసే పద్ధతిని 1934లో వివరించాడు.

కుందేళ్ళ పులిపిరులు

1933లో రౌస్ మిత్రుడు, రాక్‌ఫెల్లర్ సంస్థకే చెందిన రిచర్డ్ షోప్, అమెరికా అడవి కుందేళ్ళ చర్మంపై కొమ్ముల వలె పెరిగే పులిపిరులకు ఒక వైరస్ కారణమని కనుగొన్నాడు. క్షీరదాలలో గడ్డను కలిగించే వైరస్ కోసం రౌస్ ఒకప్పుడు వెదకి విసిగిపోయిన సంగతి తెలిసిన షోప్, ఈ పరిశోధనను కొనసాగించే అవకాశం ఆయనకు ఇచ్చాడు. రౌస్ తిరిగి కాన్సర్ పరిశోధనలో ప్రవేశించాడు.

జోసెఫ్ బియర్డ్‌తో కలిసి ఆయన ఈ పులిపిరులు క్రమంగా ప్రాణాంతకమైన కాన్సర్లుగా మారుతాయని చూపించాడు. వైరస్ సోకిన వెంటనే కాన్సర్ రాదు. ముందు పులిపిరి, తర్వాత దానిలో మార్పులు, చివరకు చుట్టుపక్కలకు చొచ్చుకొనిపోయే కంతి. వ్యాధి ఇలా మెట్లుమెట్లుగా ముదురుతుందన్న భావన ఈ ప్రయోగాలతో బలపడింది.

జాన్ కిడ్ మొదలైన సహచరులతో కలిసి కుందేళ్ళ చెవులకు తారు పూసి మరికొన్ని ప్రయోగాలు చేశాడు. తారు పూయటం ఆపితే పుట్టిన గడ్డలు చాలావరకు మాయమయ్యేవి. కాని అదే చోట గాయం చేసినా, చికాకు కలిగించే టర్పెంటైన్ వంటి పదార్థం పూసినా గడ్డలు తిరిగి లేచేవి. అంటే తారు వలన కొన్ని కణాలు లోలోపల మారి, పైకి మామూలుగా కనిపిస్తూ నిద్రాణంగా ఉన్నాయి. గాయం మానేటపుడు కలిగే పెరుగుదల ప్రేరణ వాటిని మేల్కొల్పింది. కణంలో మొదటి మార్పు తేవటాన్ని ఆరంభ దశ అని, మారిన కణాన్ని గడ్డగా పెంచటాన్ని ప్రోత్సాహక దశ అని విడదీసి చూపిన ఘనత 1940 దశకపు ఈ ప్రయోగాలది.

కుటుంబం, వ్యక్తిత్వం

రౌస్ 1915లో మేరియన్ ఎక్‌ఫర్డ్ డికేను వివాహమాడాడు. వారికి ముగ్గురు కుమార్తెలు. పెద్ద కుమార్తె మార్నీని బ్రిటిష్ శాస్త్రవేత్త అలన్ హాడ్జ్‌కిన్ 1944లో పెళ్ళాడాడు. నరాల గుండా సంకేతాలు ప్రవహించే తీరును వివరించినందుకు హాడ్జ్‌కిన్‌కు 1963లో నోబెల్ బహుమతి లభించింది. ఆ విధంగా మామగారి కంటే మూడేళ్ళ ముందే అల్లుడు నోబెల్ గ్రహీత అయ్యాడు.

రౌస్ 1920 దశకం ఆరంభం నుండి జీవితాంతం జర్నల్ ఆఫ్ ఎక్స్‌పెరిమెంటల్ మెడిసిన్ పత్రికకు సంపాదకులలో ఒకడిగా పనిచేశాడు. భాష విషయంలో చాలా పట్టింపు కలవాడు. పత్రికకు వచ్చిన వ్యాసాలను వాక్యం వాక్యం చొప్పున దిద్దేవాడు.

నోబెల్ బహుమతి

1926లోనే కార్ల్ లాండ్‌స్టైనర్ నోబెల్ బహుమతికి రౌస్ పేరును ప్రతిపాదించాడు. కాని ఆ సంవత్సరపు బహుమతి డెన్మార్క్‌కు చెందిన యోహన్నెస్ ఫిబిగర్‌కు దక్కింది. ఒక రకం పురుగుల వలన ఎలుకలకు ఉదర కాన్సర్ వస్తుందని ఫిబిగర్ ప్రకటించాడు. ఆ నిర్ధారణ పొరపాటని తర్వాత తేలింది. ఒక తప్పు ఫలితానికి బహుమతి ఇచ్చినందువలన, కాన్సర్ పరిశోధకుల విషయంలో నోబెల్ సంఘం ఆ తర్వాత మరింత జంకిందని చరిత్రకారులు భావిస్తారు.

కాలక్రమంలో పరిస్థితి మారింది. అదే రాక్‌ఫెల్లర్ సంస్థలో ఆల్బర్ట్ క్లాడ్ 1930 దశకంలో రౌస్ కారకాన్ని శుద్ధిచేయటానికి ప్రయత్నిస్తూ, కణంలోని భాగాలను వేరుచేసే పద్ధతులను రూపొందించాడు. 1951లో లుడ్విక్ గ్రాస్ చుంచులలో రక్తకాన్సర్ వైరస్‌ను కనుగొన్నాడు. 1958లో హ్యారీ రూబిన్, హోవర్డ్ టెమిన్ అనే శాస్త్రవేత్తలు గాజు పాత్రలో పెరుగుతున్న కోడి కణాలను రౌస్ వైరస్ కాన్సర్ కణాలుగా మార్చటాన్ని లెక్కించే పద్ధతిని ప్రకటించారు. కాన్సర్ వైరస్‌లను ఇక ఎవరూ కాదనలేని స్థితి వచ్చింది.

1966 నోబెల్ బహుమతిలో సగం రౌస్‌కు, సగం ఛార్లెస్ హగ్గిన్స్‌కు లభించింది. పురుష హార్మోన్ అందకుండా చేస్తే ప్రోస్టేట్ గ్రంథి కాన్సర్ తగ్గుముఖం పడుతుందని హగ్గిన్స్ 1941లో చూపించాడు. కాన్సర్ కణం కూడా కొంతవరకు బయటి సంకేతాలపై ఆధారపడుతుందని ఈ పని తెలియజేసింది.

మరణం

రౌస్ 1970 ఫిబ్రవరి 16న తన 90వ ఏట న్యూయార్క్‌లో మరణించాడు. ఉదర భాగంలో వచ్చిన కాన్సర్ ఆయన మరణానికి కారణం. అదే సంవత్సరం జూన్‌లో టెమిన్, డేవిడ్ బాల్టిమోర్ విడివిడిగా ఒక విషయం ప్రకటించారు. రౌస్ వైరస్ వంటి వైరస్‌లలోని ఆర్.ఎన్.ఎ.ను డి.ఎన్.ఎ.గా మార్చే ఎంజైము ఉన్నదని, తద్వారా వైరస్ జన్యువులు కణపు జన్యువులలో కలిసిపోతాయని దీనివలన తేలింది. వారికి 1975లో రెనాటో డల్బెకోతో కలిసి నోబెల్ బహుమతి లభించింది.

రౌస్ వైరస్ – వృద్ధి సంకేతాలు

బహుకణ జీవిలో ఏ కణమూ తన ఇష్టానుసారం విభజన చెందదు. పెరగమని కబురు అందాలి. ఆ కబురును మోసే ప్రోటీన్లను వృద్ధి కారకాలు అంటారు. ఇవి కణం వెలుపలి పొరపై ఉండే గ్రాహకాలు అనే ప్రోటీన్లకు అంటుకొంటాయి. గ్రాహకం మేల్కొని లోపలి ప్రోటీన్లకు, అవి మరికొన్నింటికి సంకేతాన్ని అందజేస్తాయి. చివరకు ఆ సంకేతం కేంద్రకాన్ని చేరి, విభజనకు అవసరమైన జన్యువులను పనిచేయిస్తుంది. పని ముగియగానే సంకేతం ఆగిపోవాలి. స్టాన్లీ కోహెన్ 1962లో చుంచుల లాలాజల గ్రంథుల నుండి బాహ్యచర్మ వృద్ధి కారకాన్ని వేరుచేశాడు. దానిని ఎక్కించిన చుంచు పిల్లలు మామూలు కంటే ముందుగానే కళ్ళు తెరిచాయి. నాడీ వృద్ధి కారకాన్ని కనుగొన్న రీటా లెవి మోంటాల్చినితో కలిసి కోహెన్ 1986లో నోబెల్ బహుమతి పొందాడు.

ఇటు రౌస్ వైరస్ పరిశోధన మరొక దారిలో సాగింది. ఈ వైరస్‌లో నాలుగు జన్యువులు మాత్రమే ఉన్నాయి. మూడు వైరస్ సంతతికి అవసరమైనవి. నాలుగవదైన సార్క్ అనే జన్యువు లేకపోయినా వైరస్ బ్రతుకుతుంది, కాని కాన్సర్ కలిగించలేదు. 1970లో స్టీవెన్ మార్టిన్ ఒక ప్రత్యేక వైరస్ రకాన్ని వేరుచేశాడు. ఇది సోకిన కణాలు తక్కువ ఉష్ణోగ్రత వద్ద కాన్సర్ కణాల వలె, ఎక్కువ ఉష్ణోగ్రత వద్ద మామూలు కణాల వలె ప్రవర్తించాయి. ఒకే ఒక్క జన్యువు చర్యతో కణం స్వభావం మారిపోతున్నదని దీనివలన స్పష్టమైంది.

1976లో డొమినిక్ స్టెహెలిన్, హెరాల్డ్ వార్మస్, మైకేల్ బిషప్, పీటర్ వోట్ అంతకంటే ఆశ్చర్యకరమైన విషయం కనుగొన్నారు. సార్క్ జన్యువు ఏ వైరస్ సోకని కోళ్ళలో, బాతులలో, టర్కీ కోళ్ళలో, ఈము పక్షులలో కూడా ఉన్నది. అది అసలు వైరస్ సొత్తు కాదు. ఎప్పుడో వైరస్ కోడి కణం నుండి ఎత్తుకొని పోయిన జన్యువు. కాన్సర్ బీజం బయటి నుండి రానక్కరలేదు, ప్రతి కణంలోనూ ఉన్న మామూలు జన్యువు చెడితే చాలు అని దీని అర్థం. బిషప్, వార్మస్‌లకు 1989లో నోబెల్ బహుమతి లభించింది.

ఆ జన్యువు తయారుచేసే ప్రోటీన్ ఏమి చేస్తుంది? జోన్ బ్రుగ్గె, రేమండ్ ఎరిక్సన్ 1977లో దానిని గుర్తించారు. అది ఇతర ప్రోటీన్లకు ఫాస్ఫేట్‌ను తగిలించే కైనేజ్ ఎంజైము అని 1978లో తేలింది. ఆ ఫాస్ఫేట్ టైరోసిన్ అనే ఎమైనో ఆమ్లంపై చేరుతుందని టోనీ హంటర్, బార్తొలొమ్యూ సెఫ్టన్ 1980లో నిరూపించారు. అదే కాలంలో కోహెన్ బృందం బాహ్యచర్మ వృద్ధి కారకపు గ్రాహకం కూడా టైరోసిన్ కైనేజ్ అని కనుగొన్నది. రౌస్ వడపోసిన కోడి కారకం, చుంచు పిల్లల కళ్ళు తెరిపించిన వృద్ధి కారకం ఒకే భాషలో కణానికి ఆజ్ఞలు ఇస్తున్నాయన్నమాట.

మామూలు సార్క్ ప్రోటీన్ తోక చివర ఒక టైరోసిన్ ఉంటుంది. దానిపై ఫాస్ఫేట్ ఉన్నంతసేపు తోక లోపలికి ముడుచుకొని, గొళ్ళెం పెట్టినట్లుగా ప్రోటీన్ పనిచేయకుండా ఉంటుంది. సంకేతం అందినపుడే గొళ్ళెం తీస్తుంది, పని ముగియగానే తిరిగి పడుతుంది. వైరస్‌లోని సార్క్ ప్రోటీన్‌కు ఆ తోక భాగం లేదు. అందువలన అది ఎల్లప్పుడూ పనిచేస్తూనే ఉంటుంది. కబురు రాకపోయినా కణం పెరుగుతూనే ఉంటుంది.

ఆ తర్వాత ఈ సంకేత మార్గంలోని ప్రతి మెట్టు వద్దా ఇటువంటి లోపాలు బయటపడ్డాయి.

వృద్ధి కారకం: కోతులకు చెందిన ఒక సార్కోమా వైరస్‌లోని జన్యువు, రక్తఫలకికల నుండి విడుదలయ్యే వృద్ధి కారకపు జన్యువును పోలి ఉన్నదని 1983లో తెలిసింది. ఈ కారకం గాయాలు మానటానికి తోడ్పడేది. వైరస్ సోకిన కణం తన పెరుగుదలకు కావలసిన కబురును తానే తయారుచేసుకొంటుంది.

గ్రాహకం: కోళ్ళలో రక్తకాన్సర్ కలిగించే మరొక వైరస్‌లోని జన్యువు, బాహ్యచర్మ వృద్ధి కారకపు గ్రాహకం నుండి వచ్చిన తెగిన భాగమని 1984లో తేలింది. కబురును అందుకొనే బయటి భాగం పోయినా లోపలి భాగం సంకేతాలు పంపుతూనే ఉంటుంది.

మధ్యవర్తి: మానవ మూత్రాశయ కాన్సర్ కణాలలో రాస్ అనే జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారినట్లు 1982లో కనుగొన్నారు. దానివలన రాస్ ప్రోటీన్ ఆగవలసినపుడు ఆగదు.

పెరుగుదలను ఆపే జన్యువులు కూడా కణంలో ఉన్నాయి. సాధారణంగా ఒక్క లోపంతోనే మానవులలో కాన్సర్ రాదు. ప్రేరణ సంకేతాలు పెరగటం, నిరోధకాలు పనిచేయకపోవటం వంటి అనేక మార్పులు ఏళ్ళ తరబడి ఒకే కణ సంతతిలో పోగుపడాలి.

చికిత్సలో ప్రయోజనాలు

సంకేతాలను అడ్డుకొంటే కాన్సర్‌ను అదుపుచేయవచ్చన్న ఆలోచన ఈ పరిశోధనల ఫలం. హెచ్.ఇ.ఆర్.2 అనే గ్రాహకం అధికంగా ఉన్న రొమ్ము కాన్సర్లకు ట్రాస్టుజుమాబ్ అనే ఔషధాన్ని అమెరికాలో 1998లో అనుమతించారు. ఒక రకమైన దీర్ఘకాలిక రక్తకాన్సర్‌కు మూలమైన టైరోసిన్ కైనేజ్‌ను అడ్డుకొనే ఇమాటినిబ్ 2001లో వచ్చింది. 2006లో వచ్చిన డాసాటినిబ్ అదే కైనేజ్‌తో పాటు రౌస్ వైరస్‌కు ప్రసిద్ధి తెచ్చిన సార్క్ ప్రోటీన్‌ను కూడా అడ్డుకొంటుంది. అయితే కాన్సర్ కణాలు కొత్త మార్పులతో ఈ మందులకు లొంగకుండా పోవటం కూడా జరుగుతున్నది.

కుందేళ్ళ పులిపిరులపై రౌస్ చేసిన పనికి కూడా కొనసాగింపు ఉన్నది. మానవ పులిపిరి వైరస్‌లలో కొన్ని రకాలు గర్భాశయ ముఖద్వార కాన్సర్‌ను కలిగిస్తాయని హెరాల్డ్ సుర్ హౌసెన్ 1980 దశకంలో నిరూపించి, 2008లో నోబెల్ బహుమతి పొందాడు. ఈ వైరస్‌లు కణంలోని నిరోధక ప్రోటీన్లను పనిచేయకుండా చేస్తాయి. వీటికి టీకా 2006 నుండి అందుబాటులో ఉన్నది.

రౌస్ అభిప్రాయాలు – తర్వాతి నిర్ధారణలు

శరీర కణాల జన్యువులలో వచ్చే ఉత్పరివర్తనలే కాన్సర్‌కు కారణమన్న సిద్ధాంతాన్ని రౌస్ గట్టిగా వ్యతిరేకించాడు. 1959లో ప్రచురించిన వ్యాసంలోను, 1966లో స్టాక్‌హోమ్‌లో చేసిన నోబెల్ ఉపన్యాసంలోను ఆ సిద్ధాంతాన్ని విమర్శించాడు. అది నిరూపణ లేని ఊహ అని, దానిని నమ్మి కూర్చుంటే పరిశోధకులు ఇతర కారణాలను వెదకటం మానివేస్తారని ఆయన ఆందోళన. తన కోడి ప్రయోగాన్ని నిపుణులు వినకుండానే త్రోసిపుచ్చిన అనుభవం ఆయనకు ఉన్నది. అయినా ఈ విషయంలో కాలం ఆయన పక్షాన నిలువలేదు. పదేళ్ళు తిరగకముందే సార్క్ జన్యువు కణానికే చెందినదని తేలింది. ఆ నిర్ధారణకు ఆధారం ఆయన వైరస్సే.

మరొక విషయంలో ఆయన పరిశీలన నిలిచింది. మారిన కణానికి పరిసరాల నుండి ప్రేరణ అందితేనే గడ్డ లేస్తుందని కుందేళ్ళ చెవులపై ఆయన చూపించాడు. రౌస్ వైరస్‌ను కోడి రెక్కలో ఎక్కించినపుడు ఆ చోటనే కాక, దూరంగా గాయం చేసిన చోట కూడా గడ్డలు లేస్తాయని మీనా బిస్సెల్ బృందం 1985లో కనుగొన్నది. గాయం మానేటపుడు వెలువడే వృద్ధి కారకాలు ఇందుకు తోడ్పడతాయని ఆ బృందం తర్వాత చూపించింది. నేడు కాన్సర్‌ను చెడిన జన్యువు, దాని చుట్టూ ఉన్న సంకేతాలు అనే రెంటినీ కలిపి అధ్యయనం చేస్తున్నారు. మానవులలో వచ్చే కాన్సర్లలో సుమారు 13 శాతానికి వైరస్‌లు, బాక్టీరియా మొదలైన వాటి సంక్రమణ కారణమని 2018 సంవత్సరానికి వేసిన ప్రపంచ అంచనా.

పురస్కారాలు, గౌరవాలు

1927 – అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీ సభ్యత్వం
1940 – లండన్ రాయల్ సొసైటీ విదేశీ సభ్యత్వం
1958 – లాస్కర్ పురస్కారం
1962 – కాన్సర్ పరిశోధనకు ఐక్యరాజ్య సమితి బహుమతి
1965 – అమెరికా జాతీయ విజ్ఞాన పతకం
1966 – వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి